మాత్రల డబ్బా తెరిచి చూసేవాళ్లు కావాలి

విజయవాడలో ఒంటరిగా ఉండే 74 ఏళ్ల అమ్మగారికి ఇంటికొచ్చి చూసే వైద్య సేవలు ఏమున్నాయని అడిగారు. మీరు బెంగళూరులో ఉంటున్నారట. నేను అప్పట్లో హైదరాబాదులో, నాన్న గుంటూరు బ్రాడీపేటలో ఒక్కరే. అందుకే రాస్తున్నా.

మేమూ మొదట డబ్బు పారేసి ఏజెన్సీ నుంచి మనిషిని పెట్టాం. ఆ కుర్రాడు పన్నెండు గంటల డ్యూటీలో పది గంటలు ఫోన్ చూసేవాడు. మిగతా రెండు గంటలు ఛార్జింగ్ పెట్టుకునేవాడు.

నాన్నకి ఉన్నట్టుండి కళ్లు తిరగడం మొదలైంది. ఒకరోజు తెల్లారుజామున బాత్రూమ్ గుమ్మంలో పడ్డారు. స్కానింగులన్నీ అయ్యాయి, ఏమీ లేదన్నారు. పాదాలు వాచాయి. ఉప్పు వల్లేనని నెల రోజులు గోంగూర పచ్చడి మాన్పించాం. గుంటూరు మనిషికి అదెంత శిక్షో చెప్పక్కర్లేదు.

ఆ వారం నేను ఇంట్లో ఉండగా మా వార్డు ఏఎన్ఎం (ఇళ్లకొచ్చి చూసే ప్రభుత్వ నర్సు) బీపీ, షుగర్ చూడటానికి వచ్చింది. కూర్చోబెట్టి చూస్తే బీపీ పై అంకె 130. లేచి నిలబడమని మళ్లీ చూస్తే 100. "బాబాయ్ గారూ, మీ మందులన్నీ ఒకసారి తెండి" అంది. పాత బిస్కెట్ల డబ్బా మంచం మీద కుమ్మరించారు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని రెండు స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టింది. పైన పేర్లు వేరు, కింద చిన్న అక్షరాల్లో రెండింటి మీదా అమ్లోడిపిన్ అనే ఉంది, అంటే ఒకటే బీపీ మందు. ఒకటి ప్రైవేటు డాక్టరు రాసింది, రెండోది పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చింది. నాన్న రెండూ శ్రద్ధగా వేసుకుంటున్నారు! "మీ అంతట మీరు ఆపకండి, సెంటర్‌లో డాక్టరుగారికి చూపించండి" అని చెప్పి వెళ్లింది. డాక్టరుగారు ఒకటి తీసేశారు. తర్వాత కళ్లు తిరగలేదు, వాపూ తగ్గింది. గోంగూర తిరిగొచ్చింది.

అన్నట్టు, మెడికల్ షాపుల వాళ్లు స్ట్రిప్పు కత్తిరించి ఇస్తారే, మందు పేరు ఒక ముక్కలో, తేదీ ఇంకో ముక్కలో, ఆ అలవాటు ఎవరు మాన్పిస్తారో తెలీదు. నన్నడిగితే పెద్దవాళ్ల కళ్లు తిరగడానికి ఈ మాత్రల గందరగోళమూ ఒక కారణమే, రాసిపెట్టుకోండి.

70 దాటినవాళ్లకి ఆయుష్మాన్ భారత్‌లో 5 లక్షల ఆరోగ్య బీమా అని 2024లో మొదలుపెట్టింది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. ఇంటికొచ్చి నాడి పట్టుకునే మనిషి వేరే కావాలి. అమ్మగారి వార్డు సచివాలయానికి వెళ్లి అక్కడి ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల నంబర్లు తీసుకోండి. ఎవరూ పలకకపోతే పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఉంది, కాల్ ఉచితం. ఎదురింటివాళ్ల దగ్గర ఇంటి తాళంచెవి ఒకటి ఉంచండి.

అవన్నీ రేపు. ఈ రాత్రికి మాత్రం వీడియో కాల్ చేసి, మందుల డబ్బా మంచం మీద పోయమని అమ్మగారికి చెప్పండి. కింద చిన్న అక్షరాలు మీరు చదవండి.