టెక్ సందేహాలు: డీజే బతుకమ్మల మధ్య ఇండీ ఆల్బమ్ దొరికేదెట్లా?

"మా ఇంట్లో టీవీకీ నా ఫోన్‌కూ ఒకటే జీమెయిల్. బతుకమ్మ తొమ్మిది రోజులు అమ్మ టీవీలో పాటలు పెట్టింది. అప్పటి నుంచి నా యూట్యూబ్ మ్యూజిక్ నిండా డీజే బతుకమ్మలే. నాకేమో గిటార్ బ్యాండ్ల ఆల్బమ్‌లు కావాలి. కొత్తవి ఎట్లా పట్టుకోవాలి? నాలుగు పేర్లు కూడా చెప్పండి సార్." – డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

మీ అమ్మగారి తప్పేం లేదు, యాప్‌ది కూడా కాదు. ఒకే ఖాతా అయితే యూట్యూబ్‌లో విన్న పాటలను యూట్యూబ్ మ్యూజిక్ కూడా లెక్కలోకి తీసుకుంటుంది. టీవీ ముందు కూర్చున్నది మీరా, అమ్మగారా అని దానికెలా తెలుస్తుంది? ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా ఉయ్యాల పాటలే విన్న మనిషి మీరేనని అది నమ్మేసింది.

టీవీలోని యూట్యూబ్‌లో అమ్మగారి జీమెయిల్‌ను వేరే ఖాతాగా చేర్చండి. తర్వాత మీ హిస్టరీ తెరిచి ఆ తొమ్మిది రోజుల పాటలు తీసేయండి. టెన్షన్ పడి మొత్తం తుడిచేయొద్దు, మీరు ఇష్టంగా విన్నవీ పోతాయి. స్పాటిఫై వాడేవాళ్లయితే, ఇంట్లోవాళ్లకు ఫోన్ ఇచ్చే ముందు సెట్టింగ్స్‌లో ప్రైవేట్ సెషన్ ఆన్ చేయండి, అప్పుడు విన్నవి మీ లెక్కలోకి పెద్దగా రావు. ఒక ప్లేలిస్ట్ వల్లే తంటా అయితే, దాని మూడు చుక్కలు నొక్కి టేస్ట్ ప్రొఫైల్ (మీ ఇష్టాల గురించి యాప్ రాసుకునే లెక్క) నుంచి తప్పించొచ్చు.

ఇంత చేసినా యాప్ చేతిలో ఉన్నది కొంతే. మీరు దాచుకున్న పాటలు ఇంకెవరి ప్లేలిస్టుల్లో ఉన్నాయో చూసి, వాటి పక్కనున్న పాటల్ని మీకు తెచ్చిస్తుంది. స్పాటిఫై 2015లో మొదలుపెట్టిన డిస్కవర్ వీక్లీ, అదే ప్రతి సోమవారం వచ్చే 30 పాటల జాబితా, చాలావరకు ఈ లెక్క మీదే నడుస్తుంది. పది మంది కూడా ప్లేలిస్టులో పెట్టుకోని ఆల్బమ్ ఈ వలకు చిక్కదు. ఇండీలో, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా బ్యాండ్లు సొంతంగా తెచ్చుకునే సంగీతంలో, మంచివి చాలా అట్లాంటివే.

క్యాసెట్ల రోజుల్లో వరంగల్ చౌరస్తా దగ్గర ఒక రికార్డింగ్ సెంటర్‌కు వెళ్లేవాణ్ని. పాటల పేర్లు కాగితం మీద రాసిస్తే సిక్స్‌టీ (అరవై నిమిషాల) క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాడు. బీ సైడు చివర నాలుగైదు నిమిషాల టేపు మిగిలితే అడక్కుండానే తనకు నచ్చిన పాటొకటి నింపేవాడు. నేను రాసిచ్చిన పాటలు ఇప్పుడు ఒక్కటీ గుర్తులేవు. ఆయన నింపినవి మాత్రం ఇంకా వింటున్నా.

అలాంటి మనిషి ఇప్పుడు దొరికే చోటు బ్యాండ్‌క్యాంప్. 2008 నుంచి నడుస్తున్న ఈ సైట్‌లో బ్యాండ్లు ఆల్బమ్‌లను నేరుగా అమ్ముకుంటాయి. డిజిటల్ అమ్మకం మీద సైట్ వాటా 15 శాతం. ఆల్బమ్ పేజీలో, దాన్ని కొన్నవాళ్ల చిన్న చిన్న ఫొటోలు వరసగా ఉంటాయి. ఒకదాన్ని నొక్కండి, ఆ మనిషి ఇంకేం కొన్నాడో మొత్తం తెరుచుకుంటుంది. డబ్బు పెట్టి కొన్న జాబితా కాబట్టి అందులో ఉత్త కాలక్షేపం తక్కువ. నేను రాత్రి పదికి మొదలుపెట్టి ఒంటిగంట దాకా ఇట్లా ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్తూ కూర్చున్న రోజులున్నాయి.

ఇక పేర్లు. ఆల్బమ్‌లు పాతవే కావచ్చు, నాకు దొరికింది మాత్రం ఈమధ్యే. ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కో. 2019లో తెచ్చిన 'బిస్మిల్లా'తో మొదలుపెట్టండి. అందులో బాకాలు వినిపిస్తుంటే బరాత్ ముందు నడిచే బ్యాండ్ మేళం కొంచెం మత్తుగా, నిదానంగా వాయిస్తున్నట్టుంటుంది. దాని గాయకుడు సూర్యకాంత్ సాహ్నీయే లిఫాఫా పేరుతో అదే ఏడాది 'జాగో' అని హిందీలో ఎలక్ట్రానిక్ ఆల్బమ్ చేశాడు. ఇట్లా క్రెడిట్స్‌లో పేర్లు పట్టుకుని పోవడం ఏ అల్గారిథమ్‌కూ తీసిపోని పద్ధతి. మాంట్రియల్ బ్యాండ్ మెన్ ఐ ట్రస్ట్ 'ఓంక్ల్ జాజ్'లో 24 పాటలున్నాయి. బేస్ గిటారే దాని ప్రాణం, ఫోన్ స్పీకర్‌లో వింటే సగం వినపడదు. మెత్తటి పాప్ కావాలంటే కోల్‌కతా ద్వయం పరేఖ్ అండ్ సింగ్ వాళ్ల 'ఓషన్'. నాలుగోది టొరంటో బ్యాండ్ ఆల్వేస్, 2022 నాటి 'బ్లూ రెవ్'. వెతికేటప్పుడు పేరులో డబ్ల్యూ బదులు రెండు 'వి'లు కొట్టండి, లేకపోతే ఇంకేవేవో వస్తాయి.

"రోజూ కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లొస్తా. జనగామ దాటితే పాట ఆగి ఆగి వస్తుంది. ఫోన్‌లో జాగా కూడా తక్కువే." – ప్రైవేట్ ఉద్యోగి, కాజీపేట

రాత్రి ఇంట్లో వైఫై మీద ఆల్బమ్ డౌన్‌లోడ్ చేసుకుని పొద్దున రైలెక్కండి. దీనికి డౌన్‌లోడ్ వీలున్న ప్రీమియం ప్లాన్ ఉండాలి. రైలు చప్పుడులో 320 కేబీపీఎస్ (సెకనుకు ఎంత డేటా అనే లెక్క) నాణ్యత వృథా. దానికి గంటకు 144 ఎంబీ అవుతుంది, 160 పెడితే 72తో సరిపోతుంది. స్పాటిఫైలో దించుకున్నవి నిలవాలంటే 30 రోజుల్లో ఒక్కసారైనా ఆన్‌లైన్‌లోకి రావాలి.

"ఆల్బమ్ వింటుంటే కొన్ని పాటల మధ్య గ్యాప్ వస్తోంది. ఇంకో యాప్‌లోనేమో ఒకదాని తోక మీద ఇంకోటి పడుతోంది." – పాఠకుడు, కరీంనగర్

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఎంపీ3గా మార్చేటప్పుడు పాట ముందూ వెనకా రెప్పపాటు నిశ్శబ్దం చేరుతుంది. గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ ఉన్న యాప్ దాన్ని కత్తిరిస్తుంది, లేనిది అలాగే వినిపిస్తుంది. రెండోది క్రాస్‌ఫేడ్, అంటే ఒక పాట అయిపోకముందే తర్వాతిదాన్ని మొదలుపెట్టే సెట్టింగ్, సున్నాకు దించేయండి. మా ఇంట్లో ఒక ఫంక్షన్ కోసం నేను దాన్ని 12 సెకన్లకు పెట్టి మర్చిపోయాను. రెండు నెలల పాటు నేను వింటున్న బ్యాండ్ పాటల్ని భలే కలుపుతోందని మెచ్చుకుంటూ, ఒక మిత్రుడికి కూడా చెప్పాను. పాటల మధ్య ఖాళీ కూడా కొందరు తూచి పెట్టుకుంటారు. పైన చెప్పిన 'బ్లూ రెవ్'నే చూడండి, స్టూడియోలో మొదటి పాట నుంచి చివరిదాకా రెండుసార్లు వాయించేశారు. పాటకూ పాటకూ నడుమ 15 సెకన్లే ఆగారు. అట్లాంటిదాన్ని షఫుల్‌లో పెట్టొద్దు.

"బ్యాండ్‌క్యాంప్‌లో ఆల్బమ్ కొనబోతే కార్డు ఫెయిలైంది. కొన్నాక ఫ్లాక్ దించుకోవాలా, ఎంపీ3నా? నావి 900 రూపాయల ఇయర్‌బడ్స్." – పాఠకుడు, పరకాల

బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌కు వెళ్లి ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసి, పరిమితి చిన్నగా పెట్టుకోండి. కొనడం అయ్యాక మళ్లీ ఆఫ్ చేయండి. ఫైలు సంగతికొస్తే, ఎంపీ3 పాటలో కొంత వదిలేసి కుదిస్తుంది, ఫ్లాక్ ఏమీ వదలదు. ఆ ఇయర్‌బడ్స్‌కు ఎంపీ3 చాలు. మీరు ఏది పెట్టినా బ్లూటూత్ దాన్ని మళ్లీ కుదించే పంపుతుంది. అయితే ఫ్లాక్ ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో దాచండి. వడ్లు గిర్నీలో పట్టిస్తే బియ్యం వస్తాయి గానీ బియ్యం మళ్లీ వడ్లు కావు కదా, ఎంపీ3 నుంచి ఫ్లాక్ కూడా అంతే. 40 నిమిషాల ఆల్బమ్ 320 ఎంపీ3లో 96 ఎంబీ, ఫ్లాక్‌లో అంతకు రెండు మూడు రెట్లు. ఫోన్‌లో వీఎల్‌సీ ఉంటే రెండూ పాడుతుంది. ల్యాప్‌టాప్ పాడైనా కంగారు పడకండి, కొన్నది మీ ఖాతాలోనే ఉంటుంది, మళ్లీ దించుకోవచ్చు.