ట్రై–క్యాచ్ ఉన్నా సర్వర్ ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న: నోడ్ (జావాస్క్రిప్ట్‌ను సర్వర్‌లో నడిపే వ్యవస్థ) సర్వర్‌లో డేటాబేస్ కాల్ చుట్టూ ఎర్రర్లను పట్టుకునే ట్రై–క్యాచ్ పెట్టాను. అయినా కాల్‌బ్యాక్‌లో (పని ముగిశాక నడిచే ఫంక్షన్‌లో) ఎర్రర్ వస్తే ప్రాసెస్ మొత్తం ఆగిపోతోంది. అది ఏ రిక్వెస్ట్‌దో లాగ్‌లో తెలియడం లేదు. ఏం చేయాలి?

జవాబు: కాల్‌బ్యాక్ నడిచే సమయానికి మీ ట్రై బ్లాక్ ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది. ఈవెంట్ లూప్ (సిద్ధమైన పనులను ఒక్కొక్కటిగా నడిపే నోడ్ భాగం) కాల్‌బ్యాక్‌ను కొత్త స్టాక్ (ఫంక్షన్ పిలుపుల వరుస) మీద పిలుస్తుంది కాబట్టి, అక్కడ త్రో చేసిన ఎర్రర్ మీ క్యాచ్‌కు చేరదు. ఆ కాల్‌ను ప్రామిస్‌గా (తర్వాత వచ్చే ఫలితాన్ని సూచించే ఆబ్జెక్ట్‌గా) మార్చి, ట్రై లోపలే అవెయిట్ చేయండి, అంటే ఫలితం వచ్చేదాకా ఆగండి. అవెయిట్ మరిచారా, క్యాచ్ మళ్లీ పనిచేయదు. పట్టుకోని రిజెక్షన్ (ప్రామిస్ వైఫల్యం) నోడ్ 15 నుంచి ప్రాసెస్‌నే ఆపేస్తుంది.

రిక్వెస్ట్ ఆచూకీకి పాత డొమైన్ మాడ్యూల్ జోలికి వెళ్లకండి, అది డిప్రికేట్ అయింది (ఇక వాడొద్దన్నారు). ఒక్కో రిక్వెస్ట్ డేటాను దాని పనులన్నిటికీ అందుబాటులో ఉంచే, నోడ్ 16.4లో స్థిరపడిన అసింక్‌లోకల్‌స్టోరేజ్ వాడండి. రిక్వెస్ట్ రాగానే దాని ఐడీని అసింక్‌లోకల్‌స్టోరేజ్‌లోని రన్ మెథడ్‌కు ఇచ్చి, హ్యాండ్లర్‌ను అందులోనే నడపండి. లాగర్ గెట్‌స్టోర్ మెథడ్‌తో ఐడీ తీసుకుంటుంది.

చిక్కంతా కనెక్షన్ పూల్ (రిక్వెస్ట్‌లు పంచుకునే డేటాబేస్ కనెక్షన్ల గుంపు) దగ్గరే. సొంత క్యూ నడిపే పాత లైబ్రరీల్లో కాల్‌బ్యాక్ వేరే రిక్వెస్ట్ సందర్భంలో నడిచి, తప్పుడు ఐడీ పడొచ్చు. ఖాళీ ఐడీ కన్నా ఇదే ప్రమాదం. అలాంటి కాల్‌బ్యాక్‌ను, దాని సొంత రిక్వెస్ట్ సందర్భానికి కట్టేసే, అసింక్‌రిసోర్స్ (నోడ్‌లోని క్లాస్)లోని బైండ్‌తో చుట్టి పంపండి.