ఎక్స్‌పోర్ట్ కంపెనీ అయితే పొగ వదలొచ్చా?

ప్రశ్న: నెల్లూరు నుంచి వచ్చి చెన్నై అంబత్తూరులో ఇల్లు కట్టుకున్నాం. వెనక వీధిలో ఒక ఫౌండ్రీ ఉంది, కార్ల విడిభాగాలు పోతపోసి విదేశాలకు పంపుతారు. రాత్రి పది దాటితే పొగ, తెల్లారేసరికి డాబా నిండా మసి. మా ఆరేళ్ల బాబుకి నెబ్యులైజర్ పెట్టని వారం లేదు. అడిగితే 'దేశానికి డాలర్లు తెస్తున్నాం, ఇక్కడి రూల్స్ మాకు వర్తించవు' అంటున్నారు. నిజమేనా?

జవాబు: అబద్ధం అమ్మా. ఎగుమతి చేసేవాళ్లకు పన్నుల్లో, కస్టమ్స్‌లో రాయితీలుంటాయి గానీ గాలి పాడుచేయడానికి ఏ రాయితీ లేదు. ఫౌండ్రీ నడపాలంటే 1981 వాయు కాలుష్య చట్టం సెక్షన్ 21 కింద పొల్యూషన్ బోర్డు అనుమతి ఉండాల్సిందే, సరుకు అంబత్తూరులో అమ్మినా జర్మనీకి పంపినా.

ఈ డాలర్ల వాదన సుప్రీంకోర్టు ఎప్పుడో విన్నది. 1996లో వెల్లూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం కేసులో, తోలు పరిశ్రమ విదేశీ మారకద్రవ్యం తెస్తుందని, ఉపాధి ఇస్తుందని ఒప్పుకుంటూనే, అంతమాత్రాన పర్యావరణాన్ని నాశనం చేసి జనం ఆరోగ్యం మీదికి తెచ్చే హక్కు దానికి లేదని తేల్చేసింది. అక్కడ పాడైంది ముఖ్యంగా నీళ్లు, మీ దగ్గర గాలి, సూత్రం మాత్రం అదే. కారు ఎక్కేది ఎక్కడో, దాని మసి పీల్చేది మీ బాబు, ఇది నాకు ఏ రకంగానూ న్యాయంగా అనిపించదు.

ముందు ఆర్టీఐ వేయండి. పది రూపాయల ఫీజు కట్టి, ఆ ఫౌండ్రీకి బోర్డు ఇచ్చిన అనుమతి కాపీ, షరతులతో సహా అడగండి. చిమ్నీ ఎంత ఎత్తుండాలి, దుమ్ము పట్టే ఫిల్టర్ ఏది పెట్టాలి అన్నీ అందులోనే ఉంటాయి. కరెంటు ఖర్చు మిగుల్చుకోవడానికి రాత్రిళ్లు ఆ ఫిల్టర్ ఆపేసేవాళ్లున్నారు, మీకు రాత్రే పొగ అంటే నాకు మొదట వచ్చే అనుమానం అదే. కాబట్టి కాగితం వచ్చేదాకా ఆగకుండా పొల్యూషన్ బోర్డు జిల్లా ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరుకు రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి, తనిఖీ రాత్రిపూటే చేయమని అందులో స్పష్టంగా రాయండి, పగలు వస్తే ఏమీ కనబడదు. తప్పు తేలితే అదే వాయు కాలుష్య చట్టం సెక్షన్ 31ఎ కింద మూసేయమని, కరెంటు ఆపమని ఆదేశించే అధికారం బోర్డుకు ఉంది.

అప్పటికీ కదలకపోతే పర్యావరణ కేసులు వినే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లండి. దక్షిణాది బెంచ్ చెన్నైలోనే ఉంది. ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద వేసే పిటిషన్‌కు గడువు, సమస్య మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు, తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు, అంతే. నష్టపరిహారానికైతే అయిదేళ్లు. కానీ డబ్బు విషయంలో ఒక మాట: బాబు ఆయాసానికి ఈ పొగే కారణమని రుజువు చేయడం కష్టం, రోడ్డు దుమ్ము, లారీల పొగ అని అవతలి లాయరు వాదిస్తాడు. అందుకని ముందు పొగ ఆపించమని అడగండి. డాక్టరు చీటీలు, మందుల బిల్లులు తేదీలవారీగా దాచండి, రాత్రి పొగను టైము కనబడేలా వీడియో తీయండి, పక్కింటివాళ్ల సంతకాలు కూడా తీసుకోండి. తమిళం రాయడం రాదని ఆగిపోవద్దు, ఆర్టీఐ అయినా ఫిర్యాదు అయినా ఇంగ్లీషులో ఇవ్వొచ్చు.