ఫ్లోరిడాలోని వెనిస్ బీచ్‌లో సొరచేప పళ్ల శిలాజాలు ఎలా వెతకాలి?

ఆటు సమయంలో వెళ్లండి. అంతకుముందు గాలివాన వచ్చి ఉంటే ఇంకా మంచిది. సముద్రం అడుగునున్న శిలాజాల పొరను అలలు కెలికి పళ్లను ఒడ్డుకు తోస్తాయి. మెత్తటి ఇసుకలో వెతికి లాభం లేదు. అలలు విరిగేచోట గవ్వముక్కలు, గులకరాళ్లు పోగుపడిన పట్టీలో తవ్వి జల్లించాలి. జల్లెడ కన్నం సుమారు 6 మిల్లీమీటర్లుండాలి. మరీ సన్నదైతే ఇసుకతో పూడిపోతుంది, పెద్దదైతే పళ్లు జారిపోతాయి. దొరికేవి ఎక్కువగా చిన్నవే మరి.

నల్లగా ఉన్నదల్లా పన్ను కాదు, నల్లటి గవ్వముక్కలు బాగా మోసం చేస్తాయి. పన్నయితే పైభాగం నిగనిగలాడుతుంది, వేరు మసకగా ఉంటుంది. ఆ నలుపు పూడిన చోటి ఖనిజాల వల్ల వచ్చింది. తెచ్చాక మంచినీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టండి. ఉప్పు మిగిలితే వేరు పెచ్చులూడొచ్చు. ఫ్లోరిడా ప్రభుత్వ భూముల్లో వెన్నెముక జీవుల శిలాజాలు ఏరడానికి అనుమతిపత్రం కావాలి, సొరచేప పళ్లకు మాత్రం అక్కర్లేదు.