అమ్మడికి, జాలీ బిగించే ముందు

చి. అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు.

కారు ముందుకు జాలీ తెప్పించావనీ, ఆదివారం నువ్వే బంపరు విప్పి బిగిస్తావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో భయం ఎంత ఉందో గర్వమూ అంతే ఉంది. విన్నాక నా సంగతీ అంతే. మన ఇంట్లో పానా పట్టిన ఆడపిల్లవు నువ్వే మొదలు. ఇదంతా ఫోనులో చెబుదామంటే నేను నోరు తెరిచేలోగా "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. ముప్పై ఏళ్లు టాక్సీ నడిపినవాడి మాట, ఓపిగ్గా చదువు.

జాలీ ఎందుకని అడగను. రోజూ రాజోలు నుంచి చించినాడ వంతెన మీదుగా భీమవరం వెళ్లి వచ్చేదానివి. ముందు కంకర టిప్పరు, దాని ముందు ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోయే రొయ్యల లారీ. బంపరు కింది నోట్లోంచి చూస్తే సన్నటి అల్యూమినియం రేకుల పలక కనబడుతుంది చూడు, అది ఏసీ కండెన్సరు. దాని వెనకాలే ఇంజను నీళ్లను చల్లబరిచే రేడియేటరు. చింతగింజంత రాయి వేగంగా వచ్చి తగిలినా కండెన్సరు గొట్టానికి చిల్లు పడి గ్యాసంతా పోవచ్చు. పోయిందంటే చాలాసార్లు మొత్తం మార్చాల్సిందే. కాబట్టి నీ ఆలోచన మంచిదే.

మీ నాన్నగారు "జాలీ ఏమిటి, బంపరు ముందు ఇనుప గార్డు వేయించు" అంటున్నారట. ఈ ఒక్క విషయంలో మా బావ మాట వినకు. ఆ గార్డులు చట్టవిరుద్ధమని కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగాల్సిన భాగాలను ఆ ఇనుము నలగనివ్వదు, దారిన పోయే మనిషికి తగిలితే ఇక చెప్పనే అక్కర్లేదు.

పని పెద్దదేమీ కాదు. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీసెయ్యి, ఎందుకంటే ఇంజను ఆపేశాక కూడా వేడిగా ఉంటే రేడియేటరు ఫ్యాను దానంతట అదే తిరగగలదు. వేళ్లు అక్కడ పెట్టి ఉంటావు. బంపరు క్లిప్పులు మధ్యాహ్నం ఎండలో తియ్యి, చలికి బిగుసుకున్న ప్లాస్టిక్కు పుటుక్కున విరుగుతుంది. పొగమంచు దీపాలుంటే వాటి వైర్లు మరిచిపోయి బంపరు లాగకు. ముందు అట్ట ముక్కతో కొలత కత్తిరించుకుని, దాన్ని బట్టి జాలీ కొయ్యి. కోసిన అంచు బ్లేడుతో సమానం. పాత పెట్రోలు గొట్టాన్ని నిలువుగా చీల్చి అంచు పొడవునా తొడుగు. నల్ల ప్లాస్టిక్ కేబుల్ టైలతో కట్టు, తెల్లవి మన ఎండకు ఏడాది తిరగకుండా పెళుసెక్కుతాయి. ఇనుప తీగతో మాత్రం కట్టకు. జాలీ అల్యూమినియందైతే, మన ఉప్పుగాలిలో ఇనుమూ అల్యూమినియమూ ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. తాడు కట్టే కొక్కెం కన్నం మూసెయ్యకు. జాలీకీ కండెన్సరుకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి.

ఇక జాలీ కన్నాల సైజు. ఇదే అసలు సంగతి, ఇదే నా భయం.

1996 అంటే మన కోనసీమలో అందరికీ నవంబరు 6 తుఫాను గుర్తొస్తుంది. నాకు ఆ ఏడాది ఏప్రిల్ గుర్తొస్తుంది. అప్పుడు నా దగ్గర పాత మారుతీ 800 ఉండేది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతల రోజులు. రోడ్డు పొడవునా ధాన్యం ఆరబోసి, అక్కడే తూర్పారబట్టేవారు. తాలు, పొట్టు, గడ్డి పరకలు రేడియేటరుకు అతుక్కుపోతుంటే పుల్లతో గీకి గీకి విసుగెత్తింది. ఒకరోజు నాకు గొప్ప తెలివి పుట్టింది. వంటింటి కిటికీకి కొట్టగా మిగిలిన దోమల జాలీ రెండు మడతలు వేసి, బైండింగ్ తీగతో కారు ముందు బిగించాను. చీమ కూడా దూరదని స్టాండులో అందరికీ చూపించుకున్నాను. నవ్విన మెకానిక్‌ను చూసి అసూయ అనుకున్నాను!

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు మీ అమ్మను ఎక్కించుకుని రాజమండ్రి బయలుదేరాను. ఉద్యోగం పరీక్ష. రెండేళ్లు చదివింది. హాల్ టికెట్టు, రెండు పెన్సిళ్లు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఒళ్లోనే ఉంచుకుంది. చీకట్లో లైటుకు పురుగులు వానలా వచ్చి పడుతున్నాయి. గన్నవరం అక్విడెక్టు, అదే గోదావరి పాయ మీదుగా కాలువను దాటించే వంతెన, దాటేసరికి వేడి చూపే ముల్లు సగం పైకి వెళ్లింది. ముల్లు చెడిపోయి ఉంటుందిలే అనుకున్నాను. చూడు, నేను చేసిన పని తప్పయి ఉంటుందని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. కొత్తపేట దాటాక బానెట్ సందుల్లోంచి ఆవిరి.

దిగి చూస్తే జాలీ కనబడలేదు. పేడ అలికిన తడికలా ఉంది, పురుగులూ పొట్టూ కలిసి. గాలి ఆడే దారే లేదు. అక్కడైనా ఆగాల్సింది. ఆలస్యమవుతోందన్న కంగారులో తువ్వాలు చుట్టి రేడియేటరు మూత తిప్పాను. లోపలి నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి, అందుకే నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులైతే అవన్నీ ఒక్కసారిగా ఆవిరై లేస్తాయి. కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.

మీ అమ్మ పరుగున కాలువలోకి దిగింది. ఆ కవరులో ఉన్న కాగితాలు సీటు మీద పడేసి, అదే కవరుతో నీళ్లు తెచ్చి చేతి మీద పోసింది. మళ్లీ తెచ్చింది. అంతలో రాజమండ్రి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు "వస్తారా అమ్మా" అని కేక వేశాడు. నేను "ఎక్కు, ఎక్కు" అంటూనే ఉన్నాను. మీ అమ్మ తలెత్తకుండా చెయ్యి ఊపి పొమ్మంది. "చెయ్యి చూపించు అన్నయ్యా" అంది.

తరువాతి బస్సులో వెళ్లేసరికి గేటు వేసేశారు. ఇంజను హెడ్డు వంకరపోయింది, గాస్కెట్ పోయింది, మూడు నెలలు బండి షెడ్డులోనే. వాటికి డబ్బు కట్టాను, తీరిపోయింది. మీ అమ్మ కుట్టుమిషను కొనుక్కుంది. ఆ పరీక్ష ఊసు ఈనాటిదాకా నా దగ్గర ఎత్తలేదు.

అందుకని అమ్మడూ, నువ్వు తెప్పించిన జాలీ మీద గుప్పెడు శనగలూ గుప్పెడు వడ్లూ వేసి చూడు. శనగలు ఆగాలి, వడ్లు జారిపోవాలి. వడ్లు కూడా ఆగితే దాన్ని తిరిగి పంపించెయ్యి, డబ్బు పోయినా సరే. పొట్టు కొంత లోపలికి పోతుంది, పోనీ. కోతల కాలంలో వారానికోసారి ఇంజను చల్లబడ్డాక మెల్లటి నీటిధారతో కడుక్కో. కడిగే షాపుల్లో ఆ పెద్ద ఒత్తిడి గొట్టం దగ్గరగా పెట్టనివ్వకు, రేకులు పడుకుంటాయి. ఎలుకలకు ఈ జాలీ అడ్డం అనుకునేవు, అవి కిందనుంచి వస్తాయి.

బిగించక ముందు ఒక మధ్యాహ్నం ఏసీ ఆపి దిండి దాకా వెళ్లి వచ్చి, ఇంటి ముందు ఇంజను ఆపకుండా పది నిమిషాలు ఉంచు. ఫ్యాను ఎంతసేపు తిరిగి ఎంతసేపు ఆగుతోందో గడియారం పెట్టి చూసి రాసుకో. బిగించాక అదే దారి, అదే ఎండ, అదే లెక్క. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జాలీ విప్పెయ్యి. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి వేడి చూపే ముల్లే ఉండదు, ఎర్ర దీపం ఒకటి ఉంటుంది. అది వెలిగితే వంతెన మీదున్నా, ఆఫీసు గంట కొట్టినా, పక్కకు తీసి ఆపు. మూత జోలికి వెళ్లకు. నాకు ఫోను చెయ్యి. అర్ధరాత్రయినా వస్తాను, నా చేతికి నొప్పేమీ లేదు.

నా తోలు గ్లౌజులు, పదో నంబరు పానా బస్సులో పంపుతున్నాను. గ్లౌజులు నీకు పెద్దవవుతాయి, అయినా వేసుకో.

ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించడం, మానడం నీ ఇష్టం. చూపిస్తే మాత్రం ఏమన్నదో నాకు చెప్పు.

మీ మామయ్య