ఉప్పు తిన్న ఇల్లు, నాడి పట్టిన చెయ్యి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల రాతప్రతి అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు చేతపట్టుకుని చదివాను. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వైద్యుణ్ణి కథానాయకుడిగా పెట్టుకుని తెలుగులో నవల రాయాలన్న నీ సంకల్పం నాకు ఎంతో నచ్చింది. ఒహాయోలో ఉద్యోగం చేస్తూ, శరదృతువు ఆదివారాలన్నీ ఆ ఆటకే అంకితం చేసిన నీ ఇష్టం ప్రతి పుటలోనూ తెలుస్తోంది. అయితే నీ వైద్యుడు మొదటి సగంలో మైదానంలోకి పరుగెత్తి ప్రాణం పోసే దేవుడు, రెండో సగంలో యజమాని కనుసన్నల్లో మెలిగే బంటు. ఈ రెండు బొమ్మల్లోనూ నాకు మనిషి దొరకలేదు. ఆ మనిషి ఎక్కడ ఉండవచ్చునో నాకు తోచినంత మేరకు ఈ ఉత్తరంలో రాస్తాను.

ముందు మాటల సంగతి. తెలుగు పాఠకుడికి ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే గుండ్రటి బంతి. ఇది కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే మనిషిని అంతకంటే బరువైన మనిషి గుద్ది పడగొట్టే ఆట అని మొదటి అధ్యాయంలోనే, ఉపన్యాసం లేకుండా, ఒక దెబ్బ చప్పుడుతో తెలియాలి. ఇంతకంటే చిక్కైన మాట ‘ట్రైనర్’. మన వాడుకలో ట్రైనర్ అంటే జిమ్ములో బరువులెత్తించేవాడు. అక్కడ అథ్లెటిక్ ట్రైనర్ అంటే గాయాల సంరక్షణలో ప్రత్యేకంగా చదువుకున్న ఆరోగ్య నిపుణుడు. రోజూ ఆటగాళ్ల మడమలకు పట్టీలు చుట్టేదీ, ఎవరి నడకలో తేడా వచ్చిందో అందరికంటే ముందు పసిగట్టేదీ అతడే. వైద్యుడు చాలావరకు బయట తన ఆస్పత్రి, తన శస్త్రచికిత్సలు, తన మామూలు రోగులు ఉన్న ఎముకల నిపుణుడు. జట్టు పని దానికి తోడు. నీ నవలలో ట్రైనర్ మూడుచోట్ల నీళ్లసీసా అందించి మాయమయ్యాడు. అది పెద్ద లోపం.

ఎందుకంటున్నానో 2023 జనవరి 2వ తేదీ రాత్రి చెబుతుంది. సిన్సినాటిలో బఫెలో బిల్స్ జట్టు ఆటగాడు డమార్ హామ్లిన్ ఎదుటివాణ్ణి పడగొట్టి, లేచి నిలబడి, మరుక్షణమే వెనక్కి ఒరిగిపోయాడు. ఛాతీ మీద మొద్దుదెబ్బ, గుండె లయలో కొన్ని మిల్లీసెకన్ల బలహీన వ్యవధిలో తగిలితే గుండె హఠాత్తుగా ఆగిపోవచ్చు. దానిని వైద్యులు కమోషియో కార్డిస్ అంటారు. తనకు జరిగింది అదేనని హామ్లిన్ తరువాత స్వయంగా చెప్పాడు. అక్కడ ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేసినవాడు సహాయ అథ్లెటిక్ ట్రైనర్ డెనీ కెల్లింగ్టన్. నువ్వు ఈ ఘటనను ఆధారం చేసుకుని నీ వైద్యుడి హస్తవాసిని పొగుడుతూ నాలుగు పుటలు రాశావు. హస్తవాసి మన తెలుగువాళ్లకు ప్రీతిపాత్రమైన నమ్మకం, నాకూ ఇష్టమే. కానీ ఆ రాత్రి పనిచేసింది అభ్యాసం. ప్రతి ఆటకూ గంట ముందు ఇరుజట్ల వైద్య సిబ్బంది, రిఫరీలు, శ్వాసమార్గం మూసుకుపోకుండా చూసే నిపుణుడు, అంబులెన్సువాళ్లు ఒకచోట చేరి, ఎవరి సంజ్ఞ ఏమిటి, స్ట్రెచరు ఏ దారిన వస్తుంది, గాయపడినవాణ్ణి ఏ ఆస్పత్రికి తరలించాలి అని మాట్లాడుకుంటారు. కొత్తవాళ్లు ఒకరికొకరు పేర్లు చెప్పుకునే ఆ నీరసమైన సమావేశాన్ని నీ నవలలో మొదట రాయి. దాన్ని పాఠకుడు మరిచిపోయిన తరువాత మైదానంలో మనిషిని పడగొట్టు.

ఇక అసలు విషయానికి వస్తాను. వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాపరికం పనికిరాదని మన పెద్దలు అన్నారు. ఈ వృత్తిలో రోగి దాచడానికే వస్తాడు. జట్టులో యాభైముగ్గురికే చోటు. చాలామంది ఒప్పందాల్లో డబ్బంతా ఖాయంగా రాసి ఉండదు. ఒక ఆదివారం పక్కన కూర్చుంటే ఆ స్థానంలో దిగినవాడు తిరిగి ఇవ్వకపోవచ్చు. అందుకే మోకాలు నొప్పి లేదంటాడు, తల తిరగడం లేదంటాడు. మామూలు ఆస్పత్రిలో రోగి మాటే రోగనిర్ణయానికి తొలి ఆధారం. ఇక్కడ ఆ మాటను పక్కన పెట్టి ఒంటిని అడగాలి. ఉదాహరణకు మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టే ముందరి లిగమెంటు తెగిందన్న అనుమానం వస్తే, వైద్యుడు మోకాలిని కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో పిక్క ఎముకను ముందుకు లాగి చూస్తాడు. లిగమెంటు బాగుంటే తాడు బిగిసినట్టు ఠక్కున ఆగుతుంది. తెగితే ఆ ఆగడం ఉండదు, మెత్తగా జారిపోతుంది. కాసేపటికి వాపు వచ్చి, కండరాలు బిగుసుకుని ఆ తేడా మరుగునపడుతుంది కాబట్టి మైదానంలోనే చూడాలని తొందరపడతాడు. ఆ మెత్తదనం చేతికి తెలిసిన క్షణంలో వైద్యుడికి ఒకరి ఏడాది ముగిసిందని తెలుసు, ఆటగాడికి ఇంకా తెలియదు. నీ రాతప్రతిలో ఎమ్మారై ఫలితం చూసి వైద్యుడు నిట్టూర్చే ఘట్టం ఉంది. అది కొట్టివేసి, ఆ నిజాన్ని రెండు రోజుల ముందే అతని చేతుల్లోకి తీసుకురా.

మరి ఆ చేతులు ఎవరి తరఫున పనిచేస్తున్నాయి? ఉప్పు తిన్నది జట్టు యాజమాన్యం ఇంట. నాడి పట్టింది ఆటగాడి ముంజేతిని. ఈ జట్లన్నీ ఆడే ఎన్ఎఫ్ఎల్ లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ 2011లో కుదిరిన ఒప్పందంలో, వైద్యం చేసేటప్పుడు జట్టు వైద్యుడి ప్రథమ కర్తవ్యం జట్టు పట్ల కాక రోగి అయిన ఆటగాడి పట్ల అని స్పష్టంగా రాసుకున్నారు. అలా రాసుకోవలసి వచ్చిందంటేనే చిక్కు ఎంత లోతైనదో ఊహించుకో. 2016లో హార్వర్డ్ పరిశోధకులు మరో అడుగు ముందుకు వేసి, ఆటగాడికి వైద్యం చేసేవారూ, అతడు ఆటకు పనికొస్తాడో లేదో జట్టుకు చెప్పేవారూ వేర్వేరు వ్యక్తులై ఉండాలని సూచించారు. వైద్యుడు చూసినదంతా చివరికి వారాంతపు గాయాల నివేదికలో క్వశ్చనబుల్, డౌట్‌ఫుల్, ఔట్ అనే మూడు మాటల్లో ఏదో ఒకటిగా కుదించుకుపోతుంది. నీ కథలో యజమాని ఫోన్ చేసి వైద్యుణ్ణి బెదిరిస్తాడు. అంత మొరటు ఒత్తిడి అవసరం లేదు. కోచ్ నడవాలో ఎదురై ‘మనవాడు ఎలా ఉన్నాడు’ అని మర్యాదగా అడిగితే చాలు; జవాబు చెప్పేలోగా వైద్యుడు ఎంతసేపు ఆగాడన్నదే నీ కథ.

2022 సెప్టెంబరు 25న మయామీ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ దాడిని నడిపేవాడు, టువా టాగోవైలోవా నేల మీద తల కొట్టుకుని, లేచి, తూలాడు. వెన్ను గాయమని చెప్పారు. పరీక్షల తరువాత రెండో సగంలో మళ్లీ ఆడాడు. నాలుగు రోజుల తరువాత సిన్సినాటిలో పడినప్పుడు అతని వేళ్లు బిగుసుకుపోయి వంకర్లు తిరగడం టీవీలో చూసినవాళ్లు మరిచిపోలేరు. తరువాత లీగూ సంఘమూ కలిసి విచారించి, నిబంధనల మెట్లన్నీ పాటించారు కానీ జరగవలసింది జరగలేదని తేల్చాయి. ఆ అక్టోబరులోనే అటాక్సియా, అంటే నరాల లోపం వల్ల నడక అదుపు తప్పడం, కనిపిస్తే ఇక ఆ రోజు ఆట లేదని నియమం చేర్చాయి. ఒక వాక్యం లేకపోవడం వల్ల ఇంత జరగగలదు. ఇందులో దుర్మార్గుణ్ణి వెతకవద్దు. అంతకుముందు 2011 డిసెంబరులో క్లీవ్‌లాండ్ క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్ తలకు బలమైన దెబ్బ తిని కూడా అదే ఆటలో రెండు ఎత్తుగడలు (ప్లేలు) దాటగానే మళ్లీ దిగినప్పుడు, వైద్య సిబ్బంది వేరే గాయపడినవారితో ఉండి ఆ దెబ్బను చూడనేలేదని జట్టు చెప్పింది. అందుకే పై నుంచి గమనించే ట్రైనర్లను ఆ నెలలోనే నియమించారు. 2013 నుంచి జట్టుతో సంబంధం లేని నరాల నిపుణులు కూడా సైడ్‌లైన్‌లో నిలబడుతున్నారు. కాబట్టి నీ నవల ఏ సంవత్సరంలో జరుగుతుందో ముందు తేల్చుకో. గాయపడినవాణ్ణి జనం కంటపడకుండా మైదానం అంచున పరీక్షించే నీలిగుడారం 2017లో లీగులోకి వచ్చింది. నువ్వు దానిని 2009లో వేశావు.

నా తప్పు ఒకటి చెప్పాలి. నలభై ఏళ్ల కిందట ఒక మిల్లు డిస్పెన్సరీ వైద్యుడి మీద కథ రాశాను. కార్మికుల జబ్బులను కప్పిపెట్టి ఫిట్ సర్టిఫికెట్లు రాసే ద్రోహిగా అతణ్ణి చిత్రించాను, పేరూ వచ్చింది. కొన్నేళ్లకు అటువంటి కొలువు చేసిన పెద్దాయన నన్ను కలిసి, సెలవు రాస్తే ఆ కార్మికుడి ఇంట్లో పొయ్యి వెలగదని తెలిసి కలం ఆగిపోయిన రోజులు నీ కథలో లేవేం అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. 2020 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ చార్జర్స్ వైద్యుడు, విరిగిన పక్కటెముకల నొప్పి తగ్గించబోయి క్వార్టర్‌బ్యాక్ టైరాడ్ టేలర్ ఊపిరితిత్తిని పొరపాటున సూదితో గుచ్చాడని చదివినప్పుడు నాకు ఆ పెద్దాయనే గుర్తుకు వచ్చారు. ఆ రోజు అతని బదులు దిగిన కుర్రవాడు జస్టిన్ హెర్బర్ట్ ఆ స్థానాన్ని తిరిగి ఇవ్వలేదు. సూది పట్టిన చేతిని ద్వేషించకుండా, ఆ నష్టాన్ని తగ్గించకుండా రెండింటినీ ఒకే పుటలో నిలపడం నీకు చేతకావాలి.

అయితే జాలి పేరుతో నిజాన్ని పలుచన చేయవద్దు. లీగు 1994లో తలగాయాల కమిటీ వేసినప్పుడు దానికి అధ్యక్షుడు ఒక జట్టు వైద్యుడే, చదువు కీళ్లవాత వైద్యం. పిట్స్‌బర్గ్ జట్టులో సెంటర్ అనే స్థానంలో ఆడిన మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభయ్యో ఏట చనిపోతే, శవపరీక్ష చేసిన బెన్నెట్ ఒమాలు అతని మెదడులో, తలకు పదేపదే తగిలిన దెబ్బలతో ముడిపడిన సీటీఈ అనే క్షీణతను గుర్తించి 2005లో ప్రచురించాడు; ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాలని కమిటీ సభ్యులు పత్రికకు రాశారు. ఆ జబ్బును నేటికీ మరణానంతరమే ఖాయంగా నిర్ధారిస్తారు. నీ వైద్యుడు తన ఎదుట బతికి నవ్వుతున్న మనిషి లోపల ఏం జరుగుతోందో చూడలేని స్థితిలో ‘ఆడవచ్చు’ అన్న మాట పలుకుతున్నాడు. ఆ భయం అతనికి ఏ వయసులో, ఏ రాత్రి పట్టుకుందో రాతప్రతిలో ఎక్కడా లేదు.

పద్నాలుగో అధ్యాయం మొత్తం తిరగరాయి. గుడారం తెర పడింది. బయట డెబ్భై వేల మంది అరుస్తున్నారు. లోపల ఆటగాడు, వైద్యుడు, ట్రైనర్, జట్టుకు చెందని నిపుణుడు. ఇప్పుడు మనం ఏ ఊళ్లో ఆడుతున్నాం అని అడిగారు. ఆటగాడు సరైన జవాబే చెప్పాడు, కానీ చెప్పే ముందు ఒక్కసారి ట్రైనర్ ముఖంలోకి చూశాడు. వైద్యుడు ఆ చూపును గమనించాడు. అక్కడి నుంచి తెర లేచే వరకు నాకు పన్నెండు పుటలు కావాలి. యజమాని ఫోన్ లేకుండా, సంగీతం లేకుండా రాసి సంక్రాంతిలోగా పంపు.

నీ శ్రేయోభిలాషి,
అన్నయ్య