గురువాయూర్‌కి మామగారితో వెళ్తున్నారుగా, ఇలా చేయండి

మామగారికి పంచె కట్టుకోవడం రాదని, మధ్యాహ్నం త్రిశ్శూర్‌లో దిగి రాత్రి బండికే తిరిగెళ్ళాలని రాశారు. కేరళలోని ఈ కృష్ణుడి గుడిలో మగవాళ్ళకి పంచె తప్పదు కానీ, దర్శనం అవుతుందండీ, టెన్షన్ వద్దు.

మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి దిగగానే పరుగులు పెట్టకండి. త్రిశ్శూర్ నుంచి సుమారు 30 కిలోమీటర్లే, బస్సులున్నాయి. భోంచేసి బయల్దేరి, సాయంత్రం తలుపులు తీసేసరికి క్యూలో ఉండండి.

ఇక పంచె. అక్కడ గోచీ పెట్టక్కర్లేదు, లుంగీలా నడుముకి చుట్టుకుంటే చాలు. జారుతుందని భయమైతే ఇక్కడే వెల్‌క్రో పంచె కొనేయండి. ప్యాంటు మీద చుట్టుకుంటే కుదరదు. చొక్కా, బనీను రెండూ తీసేయాలి, ఉత్తరీయం భుజాన వేసుకోవచ్చు. ఆడవాళ్ళకి చీరే మేలు, ఏ పేచీ ఉండదు. ఫోన్లు బయట క్లోక్‌రూమ్‌లో ఇచ్చేయాలి. అందరివీ ఒకే సంచీలో వేస్తే గొడవ ఉండదు.

నన్నడిగితే రాత్రి బండి మానుకుని అక్కడే ఉండిపొమ్మంటాను. తెల్లవారుజామున 3 గంటలకు నిర్మాల్య దర్శనం. ముందురోజు అలంకారంతోనే స్వామి కనిపిస్తాడు, తర్వాత నూనెతో అభిషేకం. పెద్దాయన అంత పొద్దున్నే లేవగలిగితే మాత్రం వదులుకోకండి. పొద్దెక్కాక పున్నత్తూర్ కోటలో దేవస్థానం ఏనుగుల్ని కూడా చూసి రావచ్చు.